పాత కారు గేర్ బాక్స్ ఏ బండిదో పోల్చుకోవడం ఎలా

మా పాలకొల్లు వైపు పాత ఇనుము కొట్లో ఏ గేర్ బాక్స్ చూపించి అడిగినా ఒకటే జవాబు: "ఆయ్, అంబాసిడర్‌దేనండి." మీరు ఫియట్ కోసం వచ్చారని తెలిస్తే రెండో నిమిషంలో అదే బాక్స్ ఫియట్‌ది అయిపోతుంది. అమ్మేవాణ్ణి అనుకుని లాభం లేదు, అతను తూకానికి కొన్నాడు, తూకం కంటే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే ఇచ్చేస్తాడు. పోల్చుకోవాల్సింది మనమే.

నేను మా మావయ్య గారి 1967 అంబాసిడర్ మార్క్ 2 బాగు చేయిద్దామని మొదలుపెట్టినప్పుడు ఇది తెలియక 6,500 రూపాయలు పోగొట్టుకున్నాను. కేసు, అంటే బయటి పెంకు, అంబాసిడర్‌దే, మీద అచ్చు అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి, మురిసిపోయి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. తీరా బిగించబోతే మా క్లచ్ ప్లేట్ (ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఉండే పళ్లెం) బాక్స్ ముందు నుంచి వచ్చే షాఫ్ట్ (తిరిగే కడ్డీ) మీదకి ఎక్కలేదు. ఎప్పుడో ఈ బాక్స్ వచ్చిన బండికి పెట్రోల్ ఇంజిన్ పీకి డీజిల్ వేసినప్పుడు, లేత్ మీద వేరే షాఫ్ట్ తయారు చేయించి లోపల పెట్టారట, మా మేస్త్రీ గారు చూడగానే చెప్పేశారు. అంటే బయట చొక్కా ఒకరిది, లోపల మనిషి ఇంకొకరు. అందుకే కేసు మీద నంబరు ఒక్కటే చూసి డబ్బులివ్వకండి. లివర్, నంబరు, షాఫ్ట్, పళ్లు, తోక, బోల్టు కన్నాలు అన్నీ చూడాలి, అన్నీ ఒకే మాట చెబితేనే అది ఆ బండిది.

బాక్స్ జోలికి వెళ్లేముందు మీ బండికి అసలు ఏ గేర్ బాక్స్ ఉండాలో ఖాయం చేసుకోండి. ఆర్‌సీ బుక్‌లో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి గానీ గేర్ బాక్స్ నంబరు ఉండదు, కాబట్టి ఆ కాగితం ఈ పనిలో సగమే సాయం. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్ రూల్‌లో కూడా మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అని ఉంది గానీ గేర్ బాక్స్ మాట విడిగా లేదు. కాబట్టి గేర్ బాక్స్ విషయంలో మిమ్మల్ని ఆర్టీఓ ఆఫీసు పట్టుకోదు, మీ మనస్సాక్షి పట్టుకుంటుంది.

మన దగ్గర దొరికే పాత బండ్లు మరీ ఎక్కువ రకాలేమీ కావు, అదొక అదృష్టం. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజిన్, దాని వెనక 4 గేర్ల బాక్స్, స్టీరింగ్ పక్కన హ్యాండిల్ గేరు. 1990ల్లో వచ్చిన 1800 ఇసుజు మోడల్‌కి మాత్రం 5 గేర్లు, కింద ఫ్లోర్ గేరు. ఇసుజు బాక్స్ చూపించి "మార్క్ 2కి పట్టేస్తుందండి" అనేవాళ్లు మా చుట్టుపక్కలే ముగ్గురున్నారు. కోసి, అతికించి పట్టించవచ్చు, కాదనను, కానీ దాన్ని రిస్టోరేషన్ (బండిని పుట్టినప్పుడు ఉన్నట్టే తిరిగి చేయడం) అనకూడదు. ఇక ఫియట్. ప్రీమియర్ వాళ్లు బొంబాయి కుర్లాలో చేసిన 1100 డిలైట్, 1972లో ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, పేర్లు మారాయి గానీ వీటన్నిటికీ 4 గేర్లు, హ్యాండిల్ గేరే. ఫ్లోర్ గేరుతో వచ్చినవి చివరి రోజుల పద్మినీలు. ప్రీమియర్ వాళ్లదే 118 ఎన్‌ఈకి నిస్సాన్ ఇంజిన్, నిస్సాన్ గేర్ బాక్స్, అది పూర్తిగా వేరే కుటుంబం. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి 4 గేర్లు, మొదటి నుంచీ ఫ్లోర్ గేరే.

మోరిస్ మైనర్ ఉన్నవాళ్లకి ఒక సులువైన గుర్తు చెబుతాను. 803 సీసీ బండికి గేరు రాడ్డు పొడుగ్గా, వంకరగా, నేరుగా బాక్స్ మీద నుంచే పైకి వస్తుంది. 1956లో 948 సీసీ వచ్చాక రాడ్డు పొట్టిదైంది, బాక్స్ వెనక్కి సాగిన చిన్న పెట్టె మీద నుంచి వస్తుంది. 1962 తర్వాత 1098 సీసీకి కేసు మీద గట్లు గట్లుగా పక్కటెముకల్లాంటి గీతలు ఉంటాయి, 948ది నున్నగా ఉంటుంది. చేత్తో తడిమితే చాలు, చీకట్లో కూడా చెప్పేయవచ్చు. క్లచ్ సైజు కూడా తేడా, నున్నటి దానికి 6.25 అంగుళాలు, గట్ల దానికి 7.25.

బండి సంగతి తేలాక బాక్స్ దగ్గరికి వెళ్లండి. ముందు కడగాలి. జిడ్డుతో ఉన్న గేర్ బాక్స్‌ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. డీజిల్, వైర్ బ్రష్, కొబ్బరి పీచు, ఈ మూడు చాలు, మన దగ్గర పీచుకి కరువు లేదు కదా. కొట్టు దగ్గర కడగనివ్వకపోతే ఇంట్లోంచి ఒక సీసాలో డీజిల్ పట్టుకెళ్లండి, నంబరు ఉండే చోటు వరకైనా తుడవండి. ఒక్కరే ఎత్తే సాహసం చేయకండి. ఇనుప కేసు బాక్స్ కాలి మీద పడితే రిస్టోరేషన్ మీక్కావాలి, బండికి కాదు. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి, కేసుకి అంటుకుంటే పోత ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. పది సెకన్ల పని, సగం అనుమానాలు తీరిపోతాయి.

తర్వాత గేరు లివర్ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. హ్యాండిల్ గేరు బాక్స్‌కి పక్కన బయటికి వచ్చిన చిన్న లివర్లు ఉంటాయి, రాడ్లు వాటికే తగులుతాయి. ఫ్లోర్ గేరు దానికి పైన టాప్ కవర్, దాని మీద గోపురంలాంటి ముక్క. ఇక్కడ ఒక చిక్కుంది. మన అంబాసిడర్లు, పద్మినీలు బోలెడు షెడ్డుల్లో హ్యాండిల్ గేరు తీసి ఫ్లోర్ గేరు చేయించుకున్నవే. అందుకని బండిలో కూడా చూసుకోండి. ఫ్లోర్ రేకు మీద కన్నం ఫ్యాక్టరీలో కొట్టినదైతే అంచు నీట్‌గా మడిచి ఉంటుంది, షెడ్డులో ఛిసెల్‌తో కోసినదైతే చెయ్యి పెడితే తెగుతుంది. స్టీరింగ్ రాడ్డు మీద పాత బ్రాకెట్ గుర్తులు, రంగు తేడా కనిపిస్తాయి. అవి ఉన్నాయంటే ఆ బండి పుట్టుకతో హ్యాండిల్ గేరుదే.

నంబర్ల సంగతి. కేసు మీద రెండు రకాలు ఉంటాయి, ఈ రెంటినీ కలిపేసుకుని చాలామంది బోల్తా పడతారు. ఉబ్బెత్తుగా బయటికి పొడుచుకు వచ్చిన అక్షరాలు పోత పోసేటప్పుడు అచ్చులో వచ్చినవి. లోపలికి గుచ్చినట్టు పంచ్‌తో కొట్టినవి ఆ ఒక్క బాక్స్‌ నంబరు. అచ్చు నంబరు ఆ కేసు ఏ కుటుంబానిదో చెబుతుంది, అంతవరకే. ఒకే అచ్చులో పోసిన కేసుని వేరే వేరే మోడళ్లకి వేరే వేరేగా కన్నాలు కొట్టి వాడుకుంటారు. కొన్ని చోట్ల బొడిపెలు ఉండి వాటికి కన్నం లేకపోవడం మీరు చూసే ఉంటారు, ఆ కన్నం ఇంకో మోడల్‌కి కావాలన్నమాట. నంబరు సరిగ్గా కనపడకపోతే సుద్ద ముక్క అడ్డంగా రుద్దండి, గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. ఉబ్బెత్తు వాటికైతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాలి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసిన పనే. గ్రైండర్ పెట్టి అరగదీసిన చోటు కనపడితే మాత్రం అడుగు వెనక్కి వేయండి.

ఈ అచ్చు అక్షరాలు బాగా పనికొచ్చేది జీపులకి. పాత విల్లీస్ జీపుల్లో, మహీంద్రా వాళ్లు చేసిన సీజే 3బీల్లో 3 గేర్ల బాక్స్ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ జీపుకి వచ్చింది టీ 84, యుద్ధం తర్వాత జనం కోసం చేసిన సీజేలకి వచ్చింది టీ 90. కేసు మీద టీ 84 అనో టీ 90 అనో అచ్చు ఉంటుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, టీ 90 గట్టిది. మిలిటరీ జీపు అని చెప్పి మురిపెంగా పెంచుకుంటున్న బండ్లలో చాలావాటి కింద టీ 90 ఉంటుంది, ఎందుకంటే యుద్ధం నాటిది అరిగిపోయాక దొరికింది ఇదే. 1980ల నాటి డీజిల్ మహీంద్రాలకి వచ్చిన కేఎంటీ 90 అనే 4 గేర్ల బాక్స్ వేరు. పేరులో 90 ఉందని రెండూ ఒకటే అనుకుని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

అచ్చు అరిగిపోయి, తుప్పు పట్టి అక్షరాలు కనపడకపోతే చుట్లు లెక్కపెట్టాలి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇష్టమైన పని ఇదే, ఎందుకంటే పళ్ల లెక్క అబద్ధం చెప్పదు, పైగా పైసా ఖర్చు లేదు. బాక్స్‌ని రెండు ఇటుకల మీద కదలకుండా పెట్టండి. ముందు షాఫ్ట్‌కి ఒక పాత క్లచ్ ప్లేట్ తొడగండి, తిప్పడానికి చక్రంలా పనికొస్తుంది. వెనక షాఫ్ట్ మీద, కేసు మీద ఎదురెదురుగా సుద్దతో ఒక్కో గీత గీయండి, ముందు వైపు కూడా అలాగే. న్యూట్రల్‌లో ముందుది తిప్పితే వెనకది అదే పనిగా తిరగకూడదు. ఇప్పుడు ఫస్ట్ గేరులో వేసి, వెనక షాఫ్ట్ సరిగ్గా 10 చుట్లు పూర్తయ్యేవరకు ముందుది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒకరు తిప్పాలి, ఒకరు లెక్కపెట్టాలి, మధ్యలో ఎవరూ కాఫీ తాగుతారా అని అడక్కూడదు.

టీ 90 అయితే ఫస్ట్ గేరులో నిష్పత్తి 2.798, అంటే వెనక 10 చుట్లకి ముందు 28 చుట్లు, దాదాపుగా సరిగ్గా. టీ 84 అయితే 2.665, అంటే 26 చుట్లు దాటి ఇంకో మూడింట రెండొంతులు. ఒక్క చుట్టు మాత్రమే తిప్పి చూస్తే ఈ రెంటికీ తేడా మీ కంటికి ఆనదు, అందుకే 10 అన్నాను. సెకండ్ గేరులో టీ 90కి 1.551, టీ 84కి 1.564, అది తిప్పి లాభం లేదు. రివర్స్‌లో మళ్లీ తేడా తెలుస్తుంది, టీ 90కి 38 చుట్లు, టీ 84కి 35న్నర. వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) తగిలించే ఉంటే దాన్ని హైలో పెట్టి లెక్కపెట్టండి, లోలో పెడితే లెక్కంతా తలకిందులైపోతుంది. టాప్ గేరులో ముందు, వెనక ఒకేలా తిరగాలి, 10కి 10. అలా రాకపోతే మీరు లెక్క తప్పారు, లేదా టాప్ అనుకున్నది టాప్ కాదు. 5 గేర్ల బాక్సుల్లో 4కి 10, 5వ గేరులో 10 కంటే తక్కువ వస్తుంది. ఇదే పద్ధతి ఏ బాక్స్‌కైనా పనిచేస్తుంది. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో గేరు నిష్పత్తులు ఉంటాయి, వాటితో పోల్చుకోవడమే.

ముందు షాఫ్ట్ మీద పొడుగు గాళ్లు ఉంటాయి కదా, స్ప్లైన్లు, వాటిని లెక్కపెట్టడం మర్చిపోకండి. నేను మునిగింది అక్కడే. ఒక గాడికి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి, లేకపోతే మళ్లీ మళ్లీ తిరిగి వస్తూనే ఉంటారు. వెర్నియర్‌తో లావు కొలవండి, చివర ఇంజిన్ వైపు ఉండే చిన్న పైలట్ బేరింగ్‌లో కూర్చునే ముక్కు లావు, పొడవు కూడా. అన్నిటికంటే మంచి పని, మీ ఇంజిన్ క్లచ్ ప్లేట్ చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లడం. ఎక్కితే ఎక్కింది, ఎక్కకపోతే బేరం లేదు. షాఫ్ట్ మీద లేత్ గీతలు కొత్తగా మెరుస్తున్నా, మిగతా పళ్ల రంగుకీ దీని రంగుకీ పొత్తు కుదరకపోయినా అది తర్వాత మార్చిన షాఫ్టే.

టాప్ కవర్ గానీ పక్క కవర్ గానీ విప్పనిస్తే లోపల చూడండి. పాత బండ్లలో చాలావాటికి ఫస్ట్ గేరుకి సింక్రో (గేరు మోత లేకుండా పడేలా చేసే ఇత్తడి రింగు) ఉండదు. అంబాసిడర్ పాత 4 గేర్ల బాక్స్, ఫియట్ 1100, హెరాల్డ్ అన్నీ అంతే, 2, 3, 4కే సింక్రో. ఫస్ట్ గేరు పళ్లు నిటారుగా, రంపం పళ్లలా ఉంటాయి, మిగతావి ఏటవాలుగా ఉంటాయి. బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్‌లో వేస్తే కర్రుమనేది అందుకే. నాలుగు గేర్లకీ ఇత్తడి రింగులు కనిపిస్తే అది ఆ కాలపు బాక్స్ కాదు. అక్కడే ఆ రింగుల అంచులు కూడా చూసేయండి. నూనెలో పసుపు మెరుపు కనపడితే అవి అరిగిపోతున్నాయి. ఇంకో సంగతి, పాత బాక్సుల్లో జీఎల్ 5 గేర్ ఆయిల్ పోయకండి, అందులో గంధకం మందులు ఎక్కువ, ఇత్తడికి పడదు. జీఎల్ 4 అడిగి తీసుకోండి. బీఎంసీ వాళ్లు బీ సిరీస్ బాక్సుల్లో ఇంజిన్ ఆయిలే పోయమనేవారు. ఇది చెబితే మా మేస్త్రీ గారు నవ్వేశారు, తర్వాత పాత పుస్తకం చూపిస్తే నోరు మూసుకున్నారు.

మన డెల్టాలో ప్రత్యేకంగా చూడాల్సింది నీళ్లు. 1986 వరదలోనో, 1996 నవంబరు తుపానులోనో మునిగి, తర్వాత ఎవరూ విప్పని బాక్సులు ఇప్పటికీ కొట్లలోకి వస్తున్నాయి. డ్రెయిన్ నట్టు కాస్త వదులు చేయండి, ముందు నీళ్లు వచ్చి తర్వాత నూనె వస్తే సంగతి అర్థమైపోయినట్టే. నూనె మజ్జిగలా తెల్లగా ఉన్నా అంతే. మునగకపోయినా ఏళ్ల తరబడి పాకలో పడి ఉన్న బాక్స్‌లో నూనెలో మునిగిన కింది పళ్లు మెరుస్తూ ఉంటాయి, పైన గాలి తగిలే పళ్లు ఎర్రగా తుప్పు పట్టి ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే కవర్ విప్పి కింద చూసి సరే అనకండి, షాఫ్ట్ అర చుట్టు తిప్పి పైకి వచ్చినవీ చూడండి.

ఇక వెనక వైపు. అమెరికన్ కార్లకి అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి 1954 దాకా బొంబాయి శివ్‌డీలో బండ్లు బిగించేవారు, ఆ షెవ్రోలేలు జమీందార్ల ఇళ్లలో, రైసు మిల్లు ఓనర్ల దగ్గర ఉండేవి. 1954 దాకా షెవ్రోలే కారుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే కడ్డీ) బయటికి కనపడదు, ఒక గొట్టం లోపల ఉంటుంది, దాన్నే టార్క్ ట్యూబ్ అంటారు. అందుకని గేర్ బాక్స్ తోక దగ్గర పెద్ద గుండ్రటి గిన్నెలాంటి కీలు ఉంటుంది. ఫోర్డ్ కార్లు 1948 వరకు ఇదే పద్ధతి. ప్రీమియర్ వాళ్లు 1947 నుంచి కుర్లాలో బిగించిన ప్లిమత్, డాడ్జ్ బండ్లకి షాఫ్ట్ బయటే ఉంటుంది, కానీ గేర్ బాక్స్ వెనకే ఒక బ్రేకు డ్రమ్ము ఉంటుంది, హ్యాండ్ బ్రేకు లాగితే అది పట్టుకుంటుంది. జీపుకి కూడా హ్యాండ్ బ్రేకు అలాగే, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక. గిన్నె చూస్తే ఒక కుటుంబం, డ్రమ్ము చూస్తే ఇంకో కుటుంబం. స్పీడో మీటర్ కేబుల్ ఏ వైపు దిగుతుందో కూడా ఫోటో తీసుకోండి.

ముందు వైపు బెల్ హౌసింగ్‌కి (క్లచ్‌ని కప్పి ఇంజిన్‌కి బిగిసే గంటలాంటి భాగం) నా పద్ధతి అట్టపెట్టె. ఇంజిన్ వెనక మొహానికి అట్ట ఆనించి గుండు సుత్తితో అంచుల మీద మెల్లగా కొడితే కన్నాలన్నీ అచ్చు పడతాయి, గాస్కెట్ కోసుకునే పద్ధతే. ఆ అట్ట మడిచి బండిలో పడేసుకోండి, ఎక్కడ బాక్స్ కనపడినా దాని మీద పెట్టి చూడండి. ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్య ఫ్యాక్టరీది కాని మందపాటి ఇనుప ప్లేటు ఉందంటే అది డీజిల్ మార్పిడి జరిగిన బండి. కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నా అంతే.

ఆటోమేటిక్‌లు ఇటువైపు అరుదు కాబట్టి ఎక్కువ చెప్పను. అమెరికన్ ఆటోమేటిక్ ఎదురైతే కింద నూనె పళ్లెం ఆకారం చూసి బోల్టులు లెక్కపెట్టండి. షెవ్రోలే వాళ్ల 2 గేర్ల అల్యూమినియం పవర్‌గ్లైడ్‌కి 14 బోల్టులు, తర్వాత వచ్చిన టర్బో 350కి 13, ఒక మూల కోసినట్టు ఉంటుంది.

కొట్టుకి వెళ్లేటప్పుడు ఫోన్‌లో నాలుగు వైపులా, పైనా కిందా ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఫోటోలు చూపించి మీ ఊళ్లో పాత టాక్సీలు తిప్పిన డ్రైవరు గారిని, రిటైరైన మేస్త్రీని అడగండి. వాళ్లకి నంబర్లు గుర్తుండవు గానీ గేరు వేస్తే వచ్చే మోత చెబితే పోల్చేస్తారు. నాకలా చెప్పింది సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు పరిచయమైన ఒక పాత డ్రైవరే. బాక్స్ ఏదో తేలాక కాగితం చీటీ కట్టకండి, ఒక వర్షాకాలానికి నాని ఊడిపోతుంది. ఆయిల్ పెయింట్‌తో కేసు మీదే రాయండి, బండి పేరు, స్ప్లైన్ల లెక్క, 10 చుట్లకి ఎన్ని వచ్చాయో.

నా 6,500 రూపాయల బాక్స్ పారేయలేదు. దాని కేసు మంచిది, లోపల కింద ఉండే పళ్ల కడ్డీ, అంటే కౌంటర్ షాఫ్ట్, మంచిది. సరైన ముందు షాఫ్ట్ నాలుగు నెలలకి తాడేపల్లిగూడెంలో దొరికింది, ఈసారి క్లచ్ ప్లేట్ చంకలో పెట్టుకునే వెళ్లాను. బండి ఇప్పుడు తిరుగుతోంది, ఫస్ట్ గేరులో మాత్రం చించినాడ వంతెన ఎక్కేటప్పుడు రైసు మిల్లులా మూలుగుతుంది. నిటారు పళ్ల మోత అది, అలాగే ఉండాలి.